తిన్న పొట్లం తిరిగి ఇవ్వవలెను

పెదకొత్తలంకలో పూతరేకులు చుట్టే ఇళ్ళు వీధికి నాలుగైదు ఉంటాయి. వాటిలో ప్యాకింగ్ పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదైనది ఒక్కటే. అది పంపన నూకరత్నం ఇల్లు. అలా నమోదు కావడానికి కారణం ఆదెమ్మ.

ఆదెమ్మది ఎదురిల్లు. నూకరత్నానికి వరసకు ఒదిన. జిల్లా ప్రదర్శనలో మిఠాయిల విభాగం పెట్టిన దగ్గర్నుంచి మొదటి బహుమతి ఆవిడకే వస్తోంది. రెండోది నూకరత్నానికి వస్తోంది. మొదటి బహుమతికి గాజు షీల్డు ఇస్తారు. రెండో బహుమతికి స్టీలు గిన్నె ఇస్తారు. నూకరత్నం ఇంట్లో ఆ గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా, సామాను అడగడానికి వచ్చినవాళ్ళకి ఆదెమ్మ తన అరుగు మీంచే దారి చూపించేది.

"మా మరదల్ని అడగండమ్మా. గిన్నెల విషయంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు."

ఆ మాట నూకరత్నం ఇంట్లోకి వినపడేది. వినపడాలనే అనేది.

ఆ ఏడు ప్రభుత్వానికి ప్లాస్టిక్ మీద కోపం వచ్చింది. ఆహార ప్యాకింగ్ ప్రమాణాల మండలి అని ఒకటి కొత్తగా పెట్టారు. కాకినాడలో దానికి ఒక భవనం, ఒక ప్రయోగశాల, ఒక డైరెక్టరు ఏర్పడ్డారు. జిల్లా ప్రదర్శనలో మిఠాయిల విభాగం పక్కనే 'ప్లాస్టిక్ రహిత ప్యాకింగ్' అని ఇంకో విభాగం తెరిచారు. అందులో పోటీకి వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకాయన అడ్డాకులు ఎండబెట్టి పుల్లలతో కుట్టిన విస్తళ్ళు తెచ్చాడు. ఇంకొకాయన పోకచెట్టు పట్టల్ని తడిపి, వేడి అచ్చులో నొక్కి చేసిన దొన్నెలు తెచ్చాడు.

నూకరత్నం భర్త బులిరాజు పేరు రాయించడానికి వెళ్ళేసరికి మిఠాయిల బల్ల దగ్గర జనం వరస కట్టి ఉన్నారు. ప్యాకింగ్ బల్ల దగ్గర గుమాస్తా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అతను బులిరాజుని పిలిచి, చేతిలో ఏముందని అడిగాడు. రేకు అని చెప్పాడు బులిరాజు. దాంతో ఏం చేస్తారని అడిగాడు గుమాస్తా. నెయ్యి రాసి, పంచదార జల్లి, లోపల పెట్టి మడుస్తామని చెప్పాడు. అంటే పొట్లమే కదా అన్నాడు గుమాస్తా. బులిరాజుకి అందులో తప్పేమీ కనపడలేదు. పైగా ఈ బల్ల దగ్గర ఆదెమ్మ లేదు.

"మరి లోపలిది తిన్నాక ఈ పొట్లం ఎక్కడ పారేస్తారు?"

"పారెయ్యడమేంటండీ, అది కూడా తినేస్తాం."

గుమాస్తా లేచి తన కుర్చీ బులిరాజుకి ఇచ్చి, ప్యాకింగ్ పరిశ్రమ కింద నూకరత్నం పేరు రాసుకున్నాడు.

బహుమతులు ఇచ్చింది మండలి డైరెక్టరు విశ్వంభరం గారు. విస్తరిని చేత్తో తడిమి చూశారు. దొన్నెలో నీళ్ళు పోయించి చూశారు. నూకరత్నం రేకుని నోట్లో వేసుకున్నారు. తర్వాత రెండోది వేసుకున్నారు. పోల్చి చూడటానికని మూడోది కూడా వేసుకున్నారు. ఫొటో తీసింది ఆ మూడోదాని దగ్గర. చెత్తే మిగలని పొట్లం కోసం ప్రపంచం వెతుకుతోందని, అది మన గోదావరి ఒడ్డునే దొరికిందని ఆయన మైకులో చెప్పారు. నూకరత్నానికి గాజు షీల్డు వచ్చింది.

షీల్డుని టీవీ మీద పెట్టింది. వీధి తలుపు తీసి ఉంటే అది ఎదురింటి అరుగు మీదికి కనపడుతుంది. ఆ రోజు నుంచి వాన వచ్చినా తలుపు వెయ్యలేదు.

ఆదెమ్మ ఒక్కసారి చూసింది. "మిఠాయికి కాదటగా" అని మాత్రం అంది.

షీల్డు మహిమో ఏమో, పక్క లంకలోని దొరబాబు గారు శ్రావణంలో జరిగే తన కూతురి పెళ్ళికి పూతరేకులు నూకరత్నానికే చెప్పారు. ఎప్పుడూ ఆదెమ్మకి చెప్పే మనిషి. పెళ్ళికి వచ్చే ప్రతి విస్తట్లోనూ రెండేసి పడాలన్నారు. నూకరత్నం రేకులకి పనికొచ్చే జయ బియ్యం తెప్పించింది. కొబ్బరాకు మోపులు కట్టి చూరు కింద పేర్పించింది. ఆషాఢం పోకముందే జీపు వచ్చింది.

దిగింది మండలి క్షేత్రాధికారి శ్రీహరిబాబు. చొక్కా జేబులో రెండు కలాలు, చేతిలో తోలు సంచి. మర్యాదస్తుడు. టీ ఇస్తే పంచదార లేకుండా ఇమ్మన్నాడు. ప్యాకింగ్ పరిశ్రమగా నమోదైన ప్రతి యూనిట్‌నీ మండలి తనిఖీ చేస్తుందని చెప్పాడు. ఇది మిఠాయి అండీ అంది నూకరత్నం. అతను టీవీ మీది షీల్డు వైపు చూశాడు. దాని మీద ఏం రాసి ఉందో చదివి వినిపించాడు. కాదనాలంటే ఆవిడ షీల్డు తప్పని అనాలి.

ఉత్పత్తి విధానం చూపించమన్నాడు. ఆవిడ పొయ్యి ముందు కూర్చుంది. కుండ బోర్లించి ఉంది. మూతి వైపు నుంచి లోపలికి కొబ్బరాకు మంట వెళ్తోంది. గుండ్రటి అడుగు పైకి ఉంది. ఆవిడ పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ అడుగు మీద పరిచి లాగింది. గుడ్డ వెనకాలే తెల్లటి పొర ఒకటి కుండ మీద మిగిలింది. అది ఆరి అంచు లేచింది. రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టింది. శ్రీహరిబాబు రాసుకున్నాడు. కుండ: పొర నిర్మాణ యంత్రం. గుడ్డ: లేపన సాధనం. నూకరత్నం: యంత్ర చాలకురాలు.

తర్వాత సంచిలోంచి మందం కొలిచే పరికరం తీశాడు. యాభై మైక్రాన్ల కన్నా పల్చని పొరని తయారు చేయడం, నిల్వ చేయడం, అమ్మడం నిషేధమని, పల్చటి పొరలే కాలువలకి అడ్డం పడుతున్నాయని వివరించాడు. రేకుని పరికరం దవడల మధ్య పెట్టాడు. సూది కదల్లేదు. ఇంకోసారి పెట్టాడు.

"పరికరం ప్రకారం ఇక్కడ పొర లేదమ్మా" అన్నాడు. "లేని పొరని తయారు చేస్తున్నట్టు నేను రాయలేను. ఉన్న పొర చెయ్యండి."

ఆవిడ పిండి చిక్కగా కలిపి మళ్ళీ వేసింది. అది గుడ్డకి లొంగలేదు, గరిటెతో వెయ్యాల్సి వచ్చింది. అతను కొలిచి తల ఊపాడు. బులిరాజు అంచు తుంచి నోట్లో వేసుకుని, ఇది అట్టు అని చెప్పాడు. అట్టు ప్రమాణాలకు లోబడి ఉన్నదని శ్రీహరిబాబు రాసుకున్నాడు. పెళ్ళివారి విస్తట్లో పంచదార అట్లు వెయ్యాలా అని నూకరత్నం అడిగింది. మందం విషయంలో మినహాయింపు కోరే హక్కు ఆవిడకి ఉందని, దానికి మండలి పరీక్షలు జరపాలని, పరీక్షలకి పొరతో పాటు యంత్రం కూడా కావాలని అతను చెప్పాడు.

యంత్రం అంటే ఏమిటో ఆవిడకి వెంటనే తట్టలేదు. అతను కుండ చల్లారే దాకా ఆగి, మూతికి గుడ్డ కట్టి, లక్కతో సీలు వేశాక తట్టింది.

ఆ కుండ నూకరత్నం అత్తగారిది. చేసిన కుమ్మరీ లేడు, వాళ్ళ ఆవమూ లేదు. కొత్త కుండ ఎవరైనా ఇస్తారు. కానీ కొత్త కుండ రేకుని వదలదు. నూనె గుడ్డతో తుడుస్తూ, కాలుస్తూ, మళ్ళీ తుడుస్తూ పోతే ఎప్పటికో దాని అడుగు నున్నబడుతుంది. ఈలోపు వచ్చేవన్నీ చిల్లులే. అలా దారికి వచ్చిన కుండ ఇంటికొకటి ఉంటుంది. రెండున్న ఇల్లు ఆదెమ్మదే.

"నెమ్మదండి బాబూ, అది పగిలిందంటే నా పెళ్ళి పోద్ది" అంది నూకరత్నం. ఆవిడ ఉద్దేశం దొరబాబు గారి పెళ్ళి.

శ్రీహరిబాబు కుండని జీపులో ముందు సీట్లో పెట్టి బెల్టు పెట్టాడు. తను వెనక కూర్చున్నాడు.

కాకినాడ వెళ్ళి రావడం అప్పట్నించీ మొదలైంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త దంపతుల్ని కూర్చోబెట్టి వలస పరీక్ష ఫలితం చెప్పాడు. పొట్లంలోని పదార్థం తిండిలోకి ఎంత దిగుతుందో చూసేది వలస పరీక్ష. కవర్లలో అది వెంట్రుక వాసి దాటితే ఊరుకోరు. నూకరత్నం రేకుని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టారట. సాయంత్రం చూస్తే గిన్నెలో పొట్లం లేదట.

"పొట్లం నూటికి నూరు శాతం ఆహారంలోకి వలస వెళ్ళింది" అన్నాడు శాస్త్రవేత్త. "నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. నెయ్యి కూడా ఎదురు వలస వచ్చి పొట్లంలో చేరింది. ఏది ఏమిటో తేల్చడానికి కమిటీ వెయ్యాలి."

నూకరత్నం కుండ ఎక్కడుందని అడిగింది. అతను అద్దం వెనక గది చూపించాడు. అక్కడ ఒక అట్టపెట్టె ఉంది. మండలికి వచ్చే ఏ నమూనానైనా మండలి ఆమోదించిన పెట్టెలో పెట్టాలి. మండలి ఆమోదించిన ప్రతి పెట్టెనీ పతన పరీక్షకి పంపాలి. అంటే మీటరు ఎత్తు మీంచి సిమెంటు గచ్చు మీదికి వదులుతారు. ఆరు వైపులా ఆరుసార్లు. పెట్టె చిరగకపోతే నెగ్గినట్టు.

లోపలి వస్తువు సంగతేమిటని బులిరాజు అడిగాడు. తమ విభాగం చూసేది పెట్టె వరకేనని శాస్త్రవేత్త చెప్పాడు.

నూకరత్నం నేరుగా డైరెక్టరు గదికి వెళ్ళింది. విశ్వంభరం గారు గుర్తుపట్టారు. ఆయన వెనక గోడ మీద ఆ ప్రదర్శన ఫొటో పెద్దది చేయించి పెట్టి ఉంది. అందులో ఆయన బుగ్గ ఉబ్బి ఉంది. కుండ పతన పరీక్షకి వెళ్ళకుండా ఆపే మార్గం ఒకటుందని ఆయన చెప్పారు. నూకరత్నం యూనిట్‌కి లైసెన్సు వస్తే కుండ ఆవిడ ఆస్తి అవుతుంది, వెనక్కి ఇచ్చేస్తారు. ఈ నెలాఖరు లోపల రాకపోతే కుండ యజమాని లేని నమూనా కింద లెక్క, పడేస్తారు. లైసెన్సు రావడానికి మందంలో మినహాయింపు ఇస్తానన్నారు. వలస మీద కమిటీ వేస్తానన్నారు. మిగిలింది ఒక్కటే అన్నారు.

"వినియోగానంతర పునఃసేకరణ బాధ్యత. ప్యాకింగ్ సామగ్రిని మార్కెట్లోకి వదిలిన ఉత్పత్తిదారు అందులో డెబ్భై శాతాన్ని తిరిగి సేకరించవలెను."

"తినేశారండి" అంది నూకరత్నం.

"ఆ విషయం మండలి పరిశీలనలో ఉన్నది."

ఆయన బల్ల మీద చిప్స్ ప్యాకెట్టు ఒకటి ఉంది. ఆదర్శ నమూనాగా పెట్టుకున్నారు. దాన్ని వెలుతురుకేసి పట్టుకుని ఎలా చేస్తారో చెప్పారు. బయట ఒక ప్లాస్టిక్ పొర, దాని లోపలి వైపు రంగుల అచ్చు, మధ్యలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి పట్టించిన పూత, లోపల ఇంకో ప్లాస్టిక్ పొర, అన్నిటినీ కలిపే జిగురు. ఆ పూత సంగతి విన్నప్పుడు నూకరత్నానికి కొంచెం చుట్టరికం తోచింది. ఒకసారి అంటుకున్నాక ఏ పొరనీ ఏ పొర నుంచీ ఎవరూ విడదీయలేరని డైరెక్టరు గారు చెప్పారు. అన్ని పరీక్షలూ నెగ్గిందన్నారు. మరి వీళ్ళు ఖాళీ కవర్లు వెనక్కి తీసుకుంటారా అని బులిరాజు అడిగాడు. వాళ్ళు తీసుకోనక్కర్లేదని, తీసుకున్నట్టుగా ఇంకొకరి దగ్గర ధ్రువపత్రం కొనుక్కుంటారని, రేకులకి అలా అమ్మేవాళ్ళు ఇంకా తయారు కాలేదని ఆయన విచారంగా చెప్పారు.

మండలి పరిశీలన వారం తిరక్కుండా ముగిసింది. శ్రీహరిబాబు జీపు నిండా కాగితాలతో వచ్చాడు. పొట్లాన్ని తిన్నవాడు పొట్లాన్ని శుద్ధి చేసినవాడే అని మండలి తీర్మానించింది. కాబట్టి తిన్న ప్రతి మనిషీ అధీకృత వ్యర్థ శుద్ధి కేంద్రం. ప్రతి కేంద్రమూ ఒక ప్రకటన నింపి సంతకం పెడితే, ఆ కేంద్రం తిన్నన్ని రేకులు తిరిగి సేకరించినట్టే. సంతకాల పని నూకరత్నానిది. ప్రకటనలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని శ్రీహరిబాబుది.

నూకరత్నం ఊరంతా తిరిగింది. అమ్మేటప్పుడు ఎవరెవరికి అమ్మిందో గుర్తే. ప్రకటనలో ప్రశ్నలు ఇలా ఉన్నాయి. కేంద్రం రోజువారీ సామర్థ్యం ఎంత? శుద్ధి యాంత్రికమా, రసాయనికమా? కేంద్రానికి దగ్గర్లో జలవనరులు ఉన్నాయా? శుద్ధి అనంతరం మిగిలే వ్యర్థాన్ని ఎక్కడ విడుదల చేస్తారు?

పెదకొత్తలంక నాలుగు వైపులా గోదావరి. జలవనరుల ప్రశ్నకి అందరూ ఉన్నాయనే రాశారు. సామర్థ్యం ప్రశ్నకి మగవాళ్ళు ఎక్కువ రాశారు, వాళ్ళ ఆడవాళ్ళు కొట్టేసి తక్కువ రాశారు. చివరి ప్రశ్న దగ్గర రిటైరైన మాస్టారు సూర్యప్రకాశం గారు కలం మూసేసి, ఇది అడగాల్సిన ప్రశ్నేనా అమ్మా అన్నారు. గవర్నమెంటు అడిగిందండి అని నూకరత్నం చెప్పింది. ఆయన గవర్నమెంటులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. కలం మళ్ళీ తీసి 'స్వగృహమున' అని రాశారు.

పల్లాలమ్మ దగ్గర శ్రీహరిబాబు ఆగిపోయాడు. ఆవిడకి పళ్ళు లేవు. యాంత్రికం అని రాయడానికి వీల్లేదన్నాడు. మరి ఎలా తింటావని ఆవిణ్ణే అడిగాడు.

"నోట్లో ఎట్టుకుంటే అదే పోద్ది నాయనా. దానికి పళ్ళెందుకు?"

అతను ఆలోచించి 'ద్రావణ పద్ధతి' అని రాసుకున్నాడు. ఊళ్ళో ఆ పద్ధతి ఉన్న కేంద్రం అదొక్కటేనని తర్వాత నివేదికలో ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఊరు అయిపోయింది. లెక్క యాభై శాతం దాటలేదు. మిగతావన్నీ రావులపాలెం బస్సుల దగ్గర అమ్మినవి. కిటికీలోంచి చెయ్యి చాపి కొనుక్కున్నవాళ్ళు ఏ ఊరో, ఏ ఇల్లో. నూకరత్నం రెండు రోజులు బస్టాండులో నిలబడి, పోయిన నెల ఇక్కడ పూతరేకులు తిన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని బస్సు బస్సుకీ అడిగింది. తిన్నామని ఎవరూ ఒప్పుకోలేదు. ఏదో జబ్బు బయటపడిందనుకున్నారు. ఒక బస్సులో అయితే అప్పుడే కొన్నవాళ్ళు కూడా పొట్లాలు కిటికీలోంచి బయట పెట్టేశారు.

దొరబాబు గారి మనిషి ఒకడు ఊళ్ళోకి వచ్చాడు. నూకరత్నం గుమ్మం ముందు ఆగి లోపలికి చూశాడు. పొయ్యి మీద కుండ లేదు. అటు తిరిగి ఆదెమ్మ అరుగెక్కాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. అతను వెళ్ళాక ఆదెమ్మ వీధి దాటి వచ్చి, నూకరత్నం గుమ్మంలో కాగితాల కట్ట పక్కన చతికిలబడింది.

"ఎన్ని తక్కువొచ్చినియ్యే?"

నూకరత్నం చెప్పింది.

"మీ డైరెక్టరు మూడు మింగాడుగా. ఆయన దగ్గర రాయించుకున్నావా, పెద్ద మనిషని వదిలేశావా?" అని నవ్వింది ఆదెమ్మ. "మాకు ఇన్నేళ్ళు బహుమతిచ్చినోళ్ళు తిని మూతి తుడుచుకుని పోయారు. మీ షీల్డోళ్ళకి లెక్కలుంటాయేమో."

అది దెప్పిపొడుపు. నూకరత్నానికి తెలుసు. కానీ ఆవిడకి ఒక్కో సంతకం కోసం ఊళ్ళు తిరిగిన అలవాటు పడిపోయింది. మూడు రేకులంటే మూడు రేకులే. ఖాళీ ప్రకటన ఒకటి తీసి, మడత పెట్టి, జాకెట్లో దోపుకుంది.

నెలాఖరు నాడు మొదటి బస్సుకే మొగుడూ పెళ్ళాలు కాకినాడ వెళ్ళారు. మండలి భవనంలో పతన పరీక్ష గది తెరిచి ఉంది. కుండ ఉన్న పెట్టెని అప్పటికే వేదిక మీద పెట్టి మీటరు ఎత్తుకి లేపారు. మీట దగ్గర ఒక ఉద్యోగి నిలబడి ఉన్నాడు. పదకొండింటికి అని చెప్పాడు. బులిరాజు వేదిక దగ్గరే ఉండిపోయాడు. నూకరత్నం మేడ ఎక్కింది.

విశ్వంభరం గారి గదిలో శ్రీహరిబాబు, ఇంకో ఇద్దరు అధికారులు ఉన్నారు. లెక్క తక్కువైనందుకు అందరూ విచారం ప్రకటించారు. నూకరత్నం ప్రకటన తీసి బల్ల మీద పరిచింది.

"తమరివి మూడున్నాయండి. ఊళ్ళో అందరి దగ్గరా రాయించానండి, తమరిది మర్చిపోయాను. తప్పు నాదే."

డైరెక్టరు గారు నవ్వి కలం తీశారు. తను మొదటి శుద్ధి కేంద్రం అయినందుకు సంతోషమన్నారు. ఫొటో తీయించమని కూడా అన్నారు. సామర్థ్యం దగ్గర మూడు అని రాశారు. పద్ధతి దగ్గర యాంత్రికం అని రాశారు. చివరి ప్రశ్న చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇది ఎవరు రాశారని అడిగారు. తమరే అని శ్రీహరిబాబు చెప్పాడు.

ఆయన దాన్ని వదిలేసి తేదీ దగ్గరికి వెళ్ళారు. అక్కడ శ్రీహరిబాబు దగ్గాడు.

"సార్, శుద్ధి కేంద్రాలు తీర్మానం తర్వాతే అమల్లోకి వచ్చాయి. తమరు తిన్నది దానికి ముందు. ఊళ్ళోవాళ్ళవి ముందువైనా ఇబ్బంది లేదు, వాళ్ళు సామాన్య వినియోగదారులు. తమరు మండలి అధిపతి. నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా వ్యర్థాన్ని శుద్ధి చేసిన అధికారి..." అని ఆపి, గోడ మీది ఫొటో వైపు చూశాడు. "సాక్ష్యం కూడా మనమే పెట్టుకున్నాం."

అందరూ అటు తిరిగారు. గోడ మీద డైరెక్టరు గారు నములుతున్నారు.

నూకరత్నం గడియారం వైపు చూసింది. పదకొండుకి ఎంతో లేదు. తొందరగా సంతకం పెట్టమని బతిమాలింది. సంతకం పెడితే ఆవిడకి మూడు రేకులు కలుస్తాయి, ఆయనకి మెమో వస్తుంది. ఆయన కలం మూసేశారు. అత్యవసర సమావేశం అని ప్రకటించారు. ఉన్నవాళ్ళు నలుగురూ ఉన్నచోటే సమావేశమయ్యారు. నూకరత్నాన్ని బయటికి పంపడం మర్చిపోయారు.

తీర్మానం డైరెక్టరు గారే చెప్పారు, శ్రీహరిబాబు రాసుకున్నాడు. ప్రదర్శన రోజున డైరెక్టరు స్వీకరించినది ప్యాకింగ్ సామగ్రి కాదు. అది మిఠాయి. అది మిఠాయి అయినందున సదరు యూనిట్ ఏనాడూ ప్యాకింగ్ పరిశ్రమ కాదు. కానందున దానికి పునఃసేకరణ బాధ్యత లేదు. సదరు యంత్రం యంత్రం కాదు. అది కుండ, మట్టిది, ఒకటి. మండలి పరిధిలోకి రాదు.

"మరి బహుమతి?" అన్నాడు ఒక అధికారి.

ప్యాకింగ్ కానిదానికి ప్యాకింగ్ బహుమతి చెల్లదని విశ్వంభరం గారు అన్నారు. షీల్డు మండలికి తిరిగి రావాలన్నారు. నూకరత్నం వైపు తిరిగి, అభ్యంతరం ఉంటే తీర్మానాన్ని మళ్ళీ పరిశీలిస్తామన్నారు.

నూకరత్నం కళ్ళ ముందు టీవీ, టీవీ మీద షీల్డు, తీసి ఉన్న తలుపు, ఎదురుగా అరుగు కనపడ్డాయి. గడియారం కూడా కనపడింది.

"పంపించేస్తానండి" అంది.

కిందికి వచ్చేసరికి ఉద్యోగి చెయ్యి మీట మీద ఉంది. శ్రీహరిబాబు తీర్మానం చదివి వినిపించాడు. దించమన్నాడు. ఉద్యోగి తల గోక్కున్నాడు. వేదికని లేపడానికి ఒక మీట ఉందని, పడెయ్యడానికి ఒక మీట ఉందని, దించడానికి మీట పెట్టలేదని చెప్పాడు. పైకి వెళ్ళిన పెట్టె ఏదీ ఇంతవరకు దించమనలేదట. పెట్టెని చేత్తో తీస్తే పరీక్షకి ఆటంకం కలిగించినట్టు అవుతుందట. దానికి వేరే అనుమతి కావాలట. శ్రీహరిబాబు ఆ అనుమతి ఎవరు ఇవ్వాలో చూడటానికి నిబంధనల పుస్తకం తెరిచాడు.

గడియారం పదకొండు కొట్టింది. ఉద్యోగి పద్ధతి ప్రకారం మీట నొక్కాడు.

బులిరాజు అప్పటికే వేదిక కింద చేతులు చాపి, గొంతుక్కూర్చుని ఉన్నాడు. నూకరత్నం మేడ ఎక్కినప్పట్నుంచీ అలాగే ఉన్నాడు. పెట్టె అతని గుండెల మీద పడింది. వెల్లకిలా పడ్డాడు గానీ పెట్టె వదల్లేదు. నూకరత్నం మొగుడి దగ్గరికి పరుగెత్తి, పెట్టె విప్పి, కుండ మీద వేలితో కొట్టి చెవి పెట్టింది. ఖంగుమంది. అప్పుడు మొగుణ్ణి దెబ్బ తగిలిందా అని అడిగింది.

నమూనా గచ్చుని తాకనందున పరీక్ష జరగలేదని ఉద్యోగి రాసుకున్నాడు.

బస్సులో నూకరత్నం చీర చెంగు చుట్టి ఒళ్ళో కుదురు చేసుకుని, కుండని దాని మీద పెట్టుకుంది. ఖాళీ అట్టపెట్టె బులిరాజు పట్టుకున్నాడు. మంచి పెట్టె, ఊరికే పారెయ్యడమెందుకని తెచ్చుకున్నాడు.

పెళ్ళికి మిగిలింది వారం. ఒక కుండ మీద అయ్యే పని కాదు. దొరబాబు గారి మనిషికి ఆ రోజు అరుగు మీద ఆదెమ్మ చెప్పింది ఏమిటో నూకరత్నానికి అప్పుడు తెలిసింది. మా మరదలు ఒప్పుకున్న పని మా మరదలే చేస్తుంది, నువ్వు ఎండలో తిరక్కు అని చెప్పిందట. చెప్పినావిడ తన రెండో కుండ పట్టుకుని వచ్చి, పొయ్యి పక్కన ఇంకో పొయ్యి పెట్టించుకుని కూర్చుంది. వారం పాటు ఇద్దరూ రేకులు తీశారు. నీ రేకు మందం అని ఆవిడా, నీ రేకు మాడు అని ఈవిడా అనుకుంటూనే ఉన్నారు. పెళ్ళిలో ప్రతి విస్తట్లోనూ రెండేసి పడ్డాయి. ఎవరెవరివి ఏవో తిన్నవాళ్ళు చెప్పలేకపోయారు.

షీల్డు తిరిగి పంపమని మండలి నుంచి ఉత్తరం వచ్చింది. మండలి ఆమోదించిన పెట్టెలోనే పంపాలని అందులో ఉంది. అలాంటి పెట్టె ఆ ఊళ్ళో ఒక్కటే ఉంది. నూకరత్నం షీల్డుని తుడిచి, తలుపు తీసి ఉంచి, ఎదురింటి వైపుకి ఒకసారి తిప్పి, పెట్టెలో పెట్టింది.

కొన్నాళ్ళకి మండలి ముద్రతో దళసరి కవరు వచ్చింది. లోపల ఒక ధ్రువపత్రం ఉంది. తమరు పంపిన పెట్టెను మీటరు ఎత్తు నుంచి ఆరు వైపులా పతన పరీక్షకు గురిచేయడమైనది. పెట్టెకు ఎటువంటి నష్టమూ వాటిల్లలేదు. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణమైనది. లోపల ఉన్న గాజు వస్తువు గురించి నిబంధనలలో ప్రస్తావన లేనందున వ్యాఖ్యానించడం లేదు.

నూకరత్నం ధ్రువపత్రానికి పటం కట్టించి టీవీ మీద పెట్టింది.

ఆదెమ్మ గిన్నె కోసం వచ్చింది. మనవరాలికి అన్నప్రాసనట. పటం దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ చదివింది.

"మళ్ళీ మొదటిదేనా? ఈసారి దేనికే?"

"అట్టపెట్టెకి, ఒదినా."

ఆదెమ్మ ఇంకోసారి చదివింది. నూకరత్నం గిన్నెల దొంతర్లోంచి అన్నిటికన్నా పెద్దది తీసి చేతిలో పెట్టింది.

"తిరిగివ్వకపోయినా ఏం కాదు" అంది.